తోటలోని బోర్డులోకి ఇంటి నుంచి లాగిన్: డ్రాప్‌బేర్‌ను మన చేత్తో బిల్డ్ చేసుకోవడం ఎలా

మా మామిడి తోట మోటారు షెడ్డులో, స్టార్టర్ పెట్టె పక్కన గోడకు ఒక చిన్న లైనక్స్ బోర్డు తగిలించి ఉంటుంది. ట్యాంకులో నీటి మట్టం చూడటం, త్రీ ఫేజ్ కరెంటు ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి పోయిందో రాసిపెట్టడం దాని పని. 64 ఎంబీ ర్యామ్, 16 ఎంబీ ఫ్లాష్. తోట నూజివీడు అవతల, నేనుండేది హైదరాబాద్‌లో. దాంట్లోకి ఇక్కణ్నుంచి లాగిన్ కావాలంటే అక్కడ ఒక ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ (దూరం నుంచి గుప్తంగా లాగిన్ కానిచ్చే ప్రోగ్రాం) నడవాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ మంచిదే కానీ దాని లైబ్రరీలతో కలిపి ఇంత చిన్న ఫ్లాష్‌లో పెడితే మిగతా వాటికి చోటు ఇరుకవుతుంది. అందుకే డ్రాప్‌బేర్.

ఆస్ట్రేలియాకు చెందిన మ్యాట్ జాన్‌స్టన్ 2003లో బయటపెట్టిన సర్వర్ ఇది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే రౌటర్ లైనక్స్ వేసిన రౌటర్లలో మీరు లాగిన్ అయ్యేది దీంట్లోకే. అక్కర్లేనివన్నీ తీసేసి బిల్డ్ చేస్తే ఎక్స్86 మీద 110 కేబీకి దిగుతుందని ప్రాజెక్టు పేజీలోనే ఉంటుంది. నాకు నచ్చింది మాత్రం ఆ సైజు కాదు. ప్రోగ్రాంలో లేని తలుపుకి తాళం వెయ్యక్కర్లేదు. డ్రాప్‌బేర్‌లో చాలా తలుపుల్ని బిల్డ్ చేసేటప్పుడే గోడ కట్టి మూసెయ్యొచ్చు.

ఇక్కడ కమాండ్లను ఫోన్లో అవతలి వాళ్లకు చెప్పినట్టే రాస్తాను. ‘హైఫన్ చిన్న ఎస్’ అంటే గీత పెట్టి చిన్న బడి అక్షరం, ‘హైఫన్ పెద్ద ఎఫ్’ అంటే పెద్ద బడి అక్షరం. డ్రాప్‌బేర్‌లో చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ అర్థం పూర్తిగా మారిపోతుంది. కాపీ చేసి అతికించే బదులు చేత్తో కొడితే, ఏం కొడుతున్నామో ఒక్క క్షణం ఆలోచిస్తాం.

ముందు సోర్స్, టూల్‌చెయిన్

డ్రాప్‌బేర్ సొంత సైట్ నుంచి గానీ, గిట్‌హబ్‌లో రచయిత ఖాతా నుంచి గానీ తాజా విడుదల తీసుకోండి. వెర్షన్ నంబరులో మొదటి నాలుగంకెలు విడుదలైన సంవత్సరం. కాబట్టి మీ బోర్డులో ఉన్నది ఎంత పాతదో చూడగానే తెలుస్తుంది. దించుకున్న ఫైలు ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్‌ని (ఫైలు మారలేదని చూపే అక్షరాల వరసని) సైట్‌లో ఇచ్చిన దాంతో పోల్చుకోండి. ఒక్క నిమిషం పని. ఇంటి తలుపుకి బిగించబోయే తాళం ఇది. దారిన పోయేవాడి దగ్గర కొనం కదా.

బిల్డ్ చేసేది మీ ల్యాప్‌టాప్‌లో, నడిచేది బోర్డులో, అంటే క్రాస్ కంపైల్. దానికి వాడే కంపైలర్, లైబ్రరీల కట్టే టూల్‌చెయిన్. ఇక్కడ రెండు గుంటలు ఉన్నాయి. మొదటిది: డెబియన్, ఉబుంటు ఇచ్చే ఆర్మ్ హార్డ్-ఫ్లోట్ కంపైలర్ ఆర్మ్ వీ7 కోసం కోడ్ తయారుచేస్తుంది. మొదటి తరం రాస్ప్‌బెర్రీ పై, పై జీరో ఆర్మ్ వీ6 చిప్పులు. వాటిమీద అది ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని కూలిపోతుంది. మీ బోర్డులో ప్రాక్ కింద సీపీయూఇన్ఫో ఫైలు చదివి ఏ చిప్పో ముందే చూసుకోండి. రెండోది ఇంకా దొంగదెబ్బ. మామూలు సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీతో స్టాటిక్‌గా (లైబ్రరీని ప్రోగ్రాంలోనే కలిపేసి) లింక్ చేస్తే బిల్డ్ అయిపోతుంది కానీ, యూజర్ వివరాలు తెచ్చే ఫంక్షన్‌కి నడిచేటప్పుడు షేర్డ్ లైబ్రరీలు కావాలని ఒక వార్నింగ్ వస్తుంది. బోర్డులో ఆ లైబ్రరీలు ఉండవు, ఏ యూజరూ లాగిన్ కాలేడు. మనం మాత్రం కీ తప్పేమో అని గంటలు గంటలు వెతుక్కుంటాం. స్టాటిక్ కావాలంటే మసల్ అనే చిన్న సీ లైబ్రరీ ఉన్న టూల్‌చెయిన్ వాడండి, ఆ గొడవే ఉండదు.

ఏం తీసేయాలి

సోర్స్ ఫోల్డర్‌లో డీఫాల్ట్_ఆప్షన్స్ డాట్ హెచ్ అని ఒక ఫైలు ఉంటుంది. దాన్ని చదవండి, కానీ ముట్టుకోవద్దు. మార్పులన్నీ మీరు కొత్తగా పెట్టే లోకల్‌ఆప్షన్స్ డాట్ హెచ్ అనే ఫైల్లో రాయాలి. పాత వ్యాసాల్లో ఆప్షన్స్ ఫైలు తెరిచి ఆ లైన్‌ని కామెంట్ చేసేయమంటారు. ఇప్పుడు అలా కాదు. ప్రతి దానికీ హ్యాష్-డిఫైన్ రాసి చివర 0 గానీ 1 గానీ ఇవ్వాలి.

నేను మొదట 0 చేసేది డ్రాప్‌బేర్_ఎస్‌వీఆర్_పాస్‌వర్డ్_ఆథ్. దీంతో పాస్‌వర్డ్ అడిగే కోడే ప్రోగ్రాంలో ఉండదు. నడిపేటప్పుడు హైఫన్ చిన్న ఎస్ ఇచ్చినా పాస్‌వర్డ్ లాగిన్ ఆగుతుంది నిజమే. కానీ ఏదో ఒక రోజు స్టార్టప్ స్క్రిప్ట్ తిరగరాస్తూ ఆ చిన్న ఎస్‌ని మర్చిపోతాం. నేను మర్చిపోయాను. లేని కోడ్‌ని మర్చిపోవడం కుదరదు. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (దొంగచాటుగా పట్టిన యంత్రాల దండు) లక్షల కెమెరాలనీ రౌటర్లనీ పట్టింది గొప్ప గూఢవిద్యతో కాదు. టెల్‌నెట్ (గుప్తీకరణ లేని పాత రిమోట్ లాగిన్) తలుపు తట్టి, ఫ్యాక్టరీలో పెట్టిన అరవై చిల్లర యూజర్-పాస్‌వర్డ్ జతల్ని వరసగా ప్రయత్నించింది, అంతే.

తర్వాత సర్వర్ వైపు పోర్ట్ ఫార్వర్డింగ్ (లాగిన్ గుండా వేరే కనెక్షన్లని దాటించడం) రెండు రకాలు, లోకల్‌టీసీపీఎఫ్‌డబ్ల్యుడీ, రిమోట్‌టీసీపీఎఫ్‌డబ్ల్యుడీ. ఏజెంట్ ఫార్వర్డింగ్. ఎక్స్11. ఐనెట్‌డీ మోడ్. ఇవన్నీ 0. తోటలో బోర్డుకి వీటితో పని లేదు. మీది ఇంటి రౌటరై, దాని గుండా లోపలి కెమెరా చూడాలనుకుంటే లోకల్ ఫార్వర్డింగ్ ఉంచుకోండి.

కీల విషయంలో నేను ఈడీ25519 అనే రకం ఒక్కటే ఉంచి ఆర్‌ఎస్‌ఏ, ఈసీడీఎస్‌ఏ తీసేస్తాను. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఈడీ25519 2014 నుంచీ ఉంది, కాబట్టి క్లయింట్ వైపు ఇబ్బంది రాదు. 2025 విడుదలల్లో క్వాంటం కంప్యూటర్ల బెడదకి విరుగుడుగా కొత్త కీ-మార్పిడి పద్ధతులు చేరాయి. అవి సైజు కొంత పెంచుతాయి. 16 ఎంబీ ఉన్న నాకు ఆ బరువు ఫర్వాలేదనిపించి ఉంచాను. ఫ్లాష్ 4 ఎంబీ ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి.

బిల్డ్

కాన్ఫిగర్ స్క్రిప్ట్‌కి మూడు మాటలు చెప్పండి: హోస్ట్ దగ్గర మీ టూల్‌చెయిన్ పేరు, ఎనేబుల్-స్టాటిక్, డిసేబుల్-జెడ్‌లిబ్. కంప్రెషన్ తీసేస్తే ఒక లైబ్రరీ బరువు తగ్గుతుంది, మన వాడకానికి తేడా కనపడదు.

తర్వాత మేక్. ప్రోగ్రామ్స్ అనే వేరియబుల్‌లో కోట్స్ పెట్టి డ్రాప్‌బేర్ (సర్వర్), డ్రాప్‌బేర్‌కీ (కీలు చేసేది), డీబీక్లయింట్ (బయటికి లాగిన్ అయ్యేది), ఎస్‌సీపీ (ఫైళ్లు పంపేది) అని నాలుగు పేర్లు ఇచ్చి, పక్కన మల్టీ ఈక్వల్స్ 1 అనండి. అప్పుడు నాలుగూ కలిసి డ్రాప్‌బేర్‌మల్టీ అనే ఒకే ఫైలుగా తయారవుతాయి. బిజీబాక్స్ తెలిసినవాళ్లకు ఈ కిటుకు కొత్త కాదు. ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేస్తుంది. చివర్లో స్ట్రిప్ చేసేటప్పుడు కూడా అవే ప్రోగ్రామ్స్, మల్టీ మళ్లీ ఇవ్వాలి. ఆప్షన్స్ ఫైలు మార్చిన ప్రతిసారీ మేక్ క్లీన్ కొట్టి మొదలెట్టండి. అయ్యాక ఫైల్ కమాండ్‌తో చూస్తే ‘స్టాటికల్లీ లింక్డ్’ అని, మీ చిప్ పేరుతో కనపడాలి.

బోర్డుకి పంపి, యూఎస్ఆర్ కింద ఎస్‌బిన్‌లో పెట్టి, మిగతా పేర్లకి సింబాలిక్ లింకులు ఇవ్వండి. ఎస్‌సీపీ లింకు మాత్రం యూఎస్ఆర్-బిన్‌లోనే ఉండాలి. డ్రాప్‌బేర్ మామూలు యూజర్‌కి ఇచ్చే పాత్‌లో యూఎస్ఆర్-బిన్, బిన్ తప్ప ఇంకేమీ ఉండవు. లోకల్-బిన్‌లో పెడితే దానికి కనపడదు.

హోస్ట్ కీ: బోర్డు ముఖం

ఇది ఫలానా బోర్డే అని లాగిన్ అయ్యేవాళ్లకి రుజువు చేసేది హోస్ట్ కీ. ఈటీసీ కింద డ్రాప్‌బేర్ అనే ఫోల్డర్ చేయండి. డ్రాప్‌బేర్‌కీకి హైఫన్ చిన్న టీ ఈడీ25519, హైఫన్ చిన్న ఎఫ్ తర్వాత ఆ ఫోల్డర్‌లో డ్రాప్‌బేర్_ఈడీ25519_హోస్ట్_కీ అని ఫైలు పేరు ఇవ్వండి. కీ తయారై దాని వేలిముద్ర (కీని గుర్తుపట్టే పొట్టి రాత) తెరమీద వస్తుంది. దాన్ని ఒక కాగితం మీద రాసుకోండి, లేదా ఫోన్‌తో ఫొటో తీయండి. మొదటిసారి లాగిన్ అయినప్పుడు ‘ఇది కొత్త హోస్ట్, నమ్మమంటారా’ అని ల్యాప్‌టాప్ అడుగుతుంది. మనలో నూటికి తొంభై మంది చూడకుండా ‘యెస్’ కొట్టేస్తాం. ఈసారి కాగితంతో పోల్చి కొట్టండి.

హైఫన్ పెద్ద ఆర్ ఇచ్చి నడిపితే డ్రాప్‌బేరే అవసరమైనప్పుడు కీ చేసుకుంటుంది. సులువే. కానీ రూట్ ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ అయితే రాసే చోటు లేక కనెక్షన్ తెగిపోతుంది. అలాంటి బోర్డుల్లో ఆ ఫోల్డర్‌ని రాయగలిగే పార్టిషన్‌కి లింకు చేసుకోవాలి.

ఒకే ఇమేజ్‌ని పది బోర్డుల్లో వేసేవాళ్లకి ఒక మాట. కీ తయారుచేశాక ఇమేజ్ తీయకండి, తయారుచేయకముందే తీయండి. 2015లో, నెట్‌కి తగిలించిన పరికరాల్ని వెతికే షోడాన్ వాళ్లు ఇంటర్నెట్ అంతా గాలిస్తే ఒకే డ్రాప్‌బేర్ హోస్ట్ కీ రెండున్నర లక్షలకు పైగా పరికరాల్లో దొరికింది. ఒక్క రౌటర్ విప్పి కీ తీసినవాడికి అన్ని ఇళ్ల ముఖమూ తన దగ్గరున్నట్టే.

యూజర్, అతని కీ, నా బస్సు ప్రయాణం

ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌తో ఈడీ25519 కీ చేసుకోండి. దానికి పాస్‌ఫ్రేజ్ పెట్టండి. డాట్ పబ్ అని ఉన్న ఫైల్లోని ఒకే ఒక్క లైన్‌ని బోర్డులో ఆ యూజర్ హోమ్ కింద డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ఆథరైజ్డ్_కీస్ అనే ఫైల్లో వేయాలి. పాస్‌వర్డ్ కోడే తీసేశాం కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ ఇక్కడ పనిచేయదు. సీరియల్ కేబుల్ పెట్టి అతికించండి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో రూట్ కీలు హోమ్‌లో కాకుండా ఈటీసీ-డ్రాప్‌బేర్ కిందే ఉంటాయి.

పర్మిషన్లు ఫోల్డర్‌కి 700, ఫైలుకి 600. హోమ్ ఫోల్డర్ కూడా గ్రూపుకీ ఇతరులకీ రాసే హక్కు లేకుండా ఉండాలి. ఇందులో ఏది వదులైనా డ్రాప్‌బేర్ ఆ కీని లెక్కచేయదు. మీకు కనపడేది ‘పర్మిషన్ డినైడ్’ ఒక్కటే.

ఇక రూట్. హైఫన్ చిన్న డబ్ల్యు ఇస్తే రూట్‌గా ఎవరూ లాగిన్ కాలేరు. మంచి అలవాటు. మొదటిసారి నేనూ ఇచ్చాను. కొత్త యూజర్‌ని చేసి, అతనికి షెల్‌గా యాష్ పెట్టి, కీ వేసి, చిన్న డబ్ల్యు చేర్చి, బోర్డుని రీబూట్ చేసి హైదరాబాద్ వచ్చేశాను. రాత్రి చూస్తే ‘పర్మిషన్ డినైడ్’. కీ సరే, పర్మిషన్లు సరే. తప్పెక్కడో తర్వాత తెలిసింది. యూజర్ షెల్ పేరు ఈటీసీ-షెల్స్ ఫైల్లో లేకపోతే డ్రాప్‌బేర్ లోపలికి రానివ్వదు. ఆ ఫైలే లేకపోతే బిన్-ఎస్‌హెచ్, బిన్-సీఎస్‌హెచ్ రెండే చెల్లుతాయి. నా బోర్డులో ఆ ఫైలు లేదు, నా యూజర్‌ది యాష్. రూట్‌ని నేనే బయటికి పంపాను, కొత్తవాణ్ని డ్రాప్‌బేర్ లోపలికి రానివ్వలేదు. ఒక్క లైన్ రాయడానికి తెల్లారుజామున బస్సెక్కి నూజివీడు వెళ్లొచ్చాను. బోర్డు లాగ్‌లో ‘ఇన్‌వాలిడ్ షెల్’ అని స్పష్టంగా రాసి ఉంది, చూసే దారి లేకపోయింది గానీ.

కొత్త సెట్టింగ్ పెట్టే పద్ధతి

ఆ ప్రయాణం తర్వాత ఒక వరస పాటిస్తున్నాను. మీరూ పాటించండి.

ఉన్న సర్వర్‌ని ఆపకుండా, కొత్త డ్రాప్‌బేర్‌ని 2222 పోర్టులో, హైఫన్ పెద్ద ఎఫ్, హైఫన్ పెద్ద ఈ ఇచ్చి ముందు తెరమీదే నడపండి. పెద్ద ఎఫ్ అంటే వెనక్కి పోకుండా ముందే ఉండటం, పెద్ద ఈ అంటే లాగ్ తెరమీదే చూపడం. వేరే టెర్మినల్ నుంచి 2222కి లాగిన్ కండి. కుదరకపోతే కారణం మొదటి తెరమీదే కనపడుతుంది. ‘పీటీవై అలొకేషన్ ఫెయిల్డ్’ అని వస్తే బోర్డులో డెవ్-పీటీఎస్ మౌంట్ కాలేదన్నమాట.

అంతా బాగుంటేనే స్టార్టప్‌లో రాయండి. బిజీబాక్స్ ఇనిట్ (బూట్‌లో మొదట లేచి మిగతావాటిని నడిపే ప్రోగ్రాం) అయితే ఇనిట్‌ట్యాబ్‌లో రీస్పాన్ లైన్ (ఆగిపోతే మళ్లీ నడపమని) పెడతాం. అక్కడ పెద్ద ఎఫ్ తప్పనిసరి. అది లేకపోతే డ్రాప్‌బేర్ వెనక్కి వెళ్లిపోతుంది, చచ్చిపోయిందనుకుని ఇనిట్ మళ్లీ మళ్లీ పుట్టిస్తూనే ఉంటుంది.

పాత సర్వర్‌ని ఆపడానికి కిల్‌ఆల్ డ్రాప్‌బేర్ కొట్టకండి. ప్రతి లాగిన్‌కీ ఒక పిల్ల ప్రాసెస్ ఉంటుంది, దాని పేరూ డ్రాప్‌బేరే. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టు మీ సెషన్ కూడా పోతుంది. వార్-రన్ కింద పిడ్ ఫైల్లో ఉన్న నంబరుని మాత్రం కిల్ చేయండి. తల్లి ప్రాసెస్ పోయినా మీ సెషన్ బతికే ఉంటుంది. సర్వర్ వెనకే నడుస్తుంటే పిడ్ ఫైలు ఉంటుంది. అందులోది ఏ సర్వర్ నంబరో అనుమానముంటే పీఎస్ కొట్టి తల్లి నంబరు వెతుక్కోవాలి.

దూరం నుంచి ప్రమాదకరమైన మార్పు చేసేటప్పుడు, ముందుగా నోహప్ (సెషన్ పోయినా కమాండ్‌ని ఆగనివ్వనిది) పెట్టి ‘600 సెకన్లు నిద్రపోయి రీబూట్ చేయి’ అని ఒక కమాండ్ వెనకాల వదలండి. మార్పుని ఫైల్లో రాయకుండా ముందు చేత్తో నడిపి చూడండి. తాళం పడితే పది నిమిషాల్లో బోర్డు పాత సెట్టింగ్‌తో తిరిగి లేస్తుంది. బాగుంటే వెనకాల వదిలిన ఆ కమాండ్ మొత్తాన్నీ కిల్ చేసి (నిద్రని ఒక్కదాన్నే చంపితే వెంటనే రీబూట్ కావచ్చు), అప్పుడు ఫైల్లో రాయండి.

నా ఇనిట్‌ట్యాబ్ లైన్‌లో ఉండేవి: పెద్ద ఎఫ్, చిన్న డబ్ల్యు, పెద్ద ఐ 900 (పదిహేను నిమిషాలు కదలిక లేకపోతే సెషన్ మూసేయడం), పెద్ద కె 30 (అవతలివాడు ఉన్నాడా అని ప్రతి 30 సెకన్లకీ పలకరించడం), పెద్ద టి 3 (తప్పు ప్రయత్నాలు మూడే, ఊరుకుంటే పది ఇస్తుంది). చిన్న పి తర్వాత అడ్రస్, కోలన్, పోర్టు ఇస్తే ఆ అడ్రస్ మీదే వింటుంది. బూట్ అయ్యేటప్పటికి వైఫై అడ్రస్ ఇంకా రాకపోతే మాత్రం వినే పోర్టు లేక ఆగిపోతుంది. రీస్పాన్ ఉంటే కాసేపటికి సర్దుకుంటుంది, లేకపోతే లేదు. పోర్టు నంబరు మార్చడాన్ని భద్రత అనుకోవద్దు. లాగ్‌లో చెత్త తగ్గుతుంది, అంతవరకే.

బయటి నుంచి చేరడం

మన దగ్గర చాలా ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్లకీ, సిమ్ కార్డు డేటాకీ సొంత పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ ఉండదు. కంపెనీ వాళ్లు ఒకే అడ్రస్‌ని చాలామందికి పంచుతారు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటివాళ్లకి మీ బోర్డు కనపడదు. నా మటుకు నాకు ఇది వరమే అనిపిస్తుంది. బోర్డే బయటికి ఫోన్ చేస్తుంది, బయటివాళ్లెవరూ దానికి ఫోన్ చేయలేరు.

ఒక చిన్న వీపీఎస్ (పబ్లిక్ అడ్రస్ ఉన్న సర్వర్) అద్దెకు తీసుకోండి. బోర్డులో డీబీక్లయింట్‌ని హైఫన్ పెద్ద ఎన్, హైఫన్ పెద్ద కె 30, హైఫన్ పెద్ద ఆర్ 2200 కోలన్ లోకల్‌హోస్ట్ కోలన్ 22 అని ఇచ్చి వీపీఎస్ వైపు నడపండి. అప్పుడు వీపీఎస్‌లోని 2200 పోర్టు మీ బోర్డులోని 22కి దారి. మనం తీసేసింది సర్వర్ వైపు ఫార్వర్డింగ్, ఇది క్లయింట్ వైపుది, కాబట్టి పనిచేస్తుంది. లైన్ తెగితే మళ్లీ కలపడానికి షెల్ స్క్రిప్ట్‌లో వైల్ లూప్, మధ్యలో 20 సెకన్ల నిద్ర చాలు. ఎగ్జిట్‌ఆన్‌ఫార్వర్డ్‌ఫెయిల్యూర్ ఆప్షన్‌ని ‘యెస్’ చేయడం మరవకండి. కరెంటు పోయి వచ్చినప్పుడు పాత కనెక్షన్ వీపీఎస్‌లో శవంలా మిగిలి 2200ని పట్టుకునే ఉంటుంది. ఈ ఆప్షన్ లేకపోతే కొత్త కనెక్షన్ దారి లేకుండానే ‘బాగానే ఉన్నాను’ అంటూ కూర్చుంటుంది. వీపీఎస్ వైపు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో క్లయింట్‌అలైవ్‌ఇంటర్వల్ పెడితే ఆ శవం త్వరగా తొలగుతుంది.

డీబీక్లయింట్‌కి కీ డ్రాప్‌బేర్‌కీతోనే చేయండి. మొదటిసారి చేత్తో కనెక్ట్ అయ్యి వీపీఎస్ వేలిముద్ర చూసి ఒప్పుకోండి. ఆ తర్వాతే లూప్‌కి అప్పగించండి. వీపీఎస్‌లో ఆ కీకి షెల్ ఇవ్వకండి. ఆథరైజ్డ్_కీస్ లైన్ ముందు రిస్ట్రిక్ట్, పోర్ట్-ఫార్వర్డింగ్, కమాండ్ ఈక్వల్స్ కోట్స్‌లో బిన్-ఫాల్స్ అని రాస్తే దారి వేయడం తప్ప ఇంకేమీ చేయలేదు. షెడ్డు తలుపు పగలగొట్టి బోర్డు ఎత్తుకెళ్లినవాడికి మీ వీపీఎస్ కూడా దక్కకూడదు కదా.

తరచూ అడిగే రెండు చిక్కులు

ఫైలు పంపబోతే ‘ఎస్‌ఎఫ్‌టీపీ-సర్వర్ నాట్ ఫౌండ్’ అని వస్తుంది. 2022లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి ల్యాప్‌టాప్‌లోని ఎస్‌సీపీ లోపల ఎస్‌ఎఫ్‌టీపీ వాడుతోంది. డ్రాప్‌బేర్‌లో అది లేదు. ఎస్‌సీపీకి హైఫన్ పెద్ద ఓ ఇవ్వండి, పాత పద్ధతిలో పంపుతుంది.

పాత రౌటర్‌లోకి వెళ్లబోతే ‘మ్యాచింగ్ హోస్ట్ కీ లేదు, అవతల ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ ఒక్కటే ఉంది’ అంటుంది. 2021 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఎస్‌హెచ్‌ఏ1 సంతకాల్ని ఒప్పుకోవడం మానేసింది. 2020కి ముందరి డ్రాప్‌బేర్‌కి ఆర్‌ఎస్‌ఏ కీతో వేరే రకం సంతకం తెలీదు. క్లయింట్‌లో ఆ పాత పద్ధతిని తాత్కాలికంగా తెరిచి లోపలికి వెళ్లొచ్చు, కానీ వెళ్లింది అప్‌డేట్ చేయడానికే అయ్యుండాలి. 2023 చివర్లో బయటపడిన, టెర్రాపిన్ అనే ఎస్‌ఎస్‌హెచ్ లోపానికి డ్రాప్‌బేర్‌లో మందు 2024 విడుదలలో వచ్చింది. అంతకంటే పాతది నడుపుతుంటే ఈ వారాంతం ఖాళీ చేసుకోండి. లోకల్‌ఆప్షన్స్ ఫైలునీ, కాన్ఫిగర్ లైన్‌నీ గిట్‌లో దాచుకుని ఉంటే కొత్త విడుదల బిల్డ్ చేయడం టీ చల్లారేలోపు అయిపోతుంది.

తోట నుంచి బయల్దేరే ముందు మూడు పనులు చేయండి. బోర్డు ప్లగ్గు పీకి, రెండు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. ల్యాప్‌టాప్‌ని తోట వైఫై నుంచి తప్పించి ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, వీపీఎస్ గుండా బోర్డులోకి వెళ్లండి. లోపలికి వెళ్లాక సు కొట్టి రూట్ అవగలుగుతున్నారో చూడండి. మూడూ కుదిరాక షెడ్డుకి తాళం వేయండి.